54.5 దగ్గర ఆగిన క్లాట్: మళ్ళీ రాసే ముందు

2023 డిసెంబర్ 3, ఆదివారం. మా మేనల్లుడు ముందురోజే హిందూపురంలో బస్సెక్కి, బెంగళూరు కె.ఆర్.పురంలో ఉన్న మా ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాశాడు. ఎలా రాశావురా అంటే "బానే రాశా మామా" అన్నాడు. కీ వచ్చాక డైనింగ్ టేబుల్ మీద కూర్చుని లెక్కేస్తే 120కి 54.5 తేలింది. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. మా అక్క ఫోన్ చేసి "ఇప్పుడేమంటాడు వాడు?" అని అడిగింది. వాడు అప్పటికే నిర్ణయం చేసేసుకున్నాడు. "ఇంకో ఏడాది కూర్చుంటా. ఈసారి రోజుకు పన్నెండు గంటలు చదువుతా."

ఆ పన్నెండు గంటల మాట విన్నాకే నాకు భయమేసింది. నేను ఒక కంపెనీ లీగల్ విభాగంలో పనిచేస్తాను. పొద్దున లేస్తే ఇతరులు రాసిన కాంట్రాక్టులు చదవడమే నా పని. ఏదైనా ఒప్పందం బెడిసికొడితే ఏ క్లాజు దగ్గర బెడిసికొట్టిందో ముందు చూస్తాం. పాత కాంట్రాక్టునే ఇంకా పొడుగ్గా మళ్ళీ రాసుకోం. పరీక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం మనవాళ్ళంతా చేసేది అదే. లాంగ్ టర్మ్ అంటే పోయినేడు చదివిందాన్నే ఇంకో ఏడాది, ఇంకాస్త గట్టిగా చదవడం అనుకుంటారు. నీట్‌కో జేఈఈకో అది కొంతవరకు పనిచేస్తుందేమో, అక్కడ సిలబస్ ఉంటుంది కాబట్టి. క్లాట్‌లో చదివి పూర్తిచేసే సిలబస్ దాదాపు లేదు.

ఈ పరీక్ష కథ తెలియని తల్లిదండ్రుల కోసం నాలుగు ముక్కలు. బెంగళూరు నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ 1987లో మొదలైంది. ఆ తరహాలో వచ్చిన ఇతర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఒక్కోటీ విడిగా పరీక్ష పెట్టుకునేవి. 2008లో వాటిలో చాలావాటికి కలిపి క్లాట్ వచ్చింది. 2017లో ఆ విశ్వవిద్యాలయాల కన్సార్షియం (ఉమ్మడి సంస్థ) ఏర్పడింది, ఇప్పుడు దీన్ని అదే చూసుకుంటోంది. 2020లో పేపర్ స్వరూపమే మారిపోయింది. బిట్లకు బిట్లు గుర్తుపెట్టుకుని రాసే పద్ధతి పోయి, ప్రతి సెక్షనూ ప్యాసేజీల మీదికి వచ్చింది. అప్పట్లో 150 ప్రశ్నలుండేవి. మావాడు రాసినది వాటిని 120కి తగ్గించాక వచ్చిన మొదటి పేపర్. 120 నిమిషాలు. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. ఇంగ్లీషు, లాజికల్ రీజనింగ్ సుమారు ఇరవై శాతం చొప్పున, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్ పాతిక శాతం చొప్పున, మిగతా పది శాతం లెక్కలు. ఎన్నిసార్లయినా రాయొచ్చు, వయసు పరిమితి లేదు. కిందటేటి మార్కు ఈ ఏడాది ఎవరికీ కనబడదు.

సరే, 54.5 సంగతి.

క్లాట్‌లో క్వశ్చన్ బుక్‌లెట్, ఓఎంఆర్ కార్బన్ కాపీ మనమే ఇంటికి తెచ్చుకోవచ్చు. చాలామంది ఆ రెండిటినీ మార్కు లెక్కేసుకోవడానికి ఒకసారి వాడి, తర్వాత బీరువాలో పడేస్తారు. మేం మాత్రం వాటిని వారం రోజులు టేబుల్ మీదే ఉంచాం. వాడు పెట్టినవి 92. అందులో ఒప్పు 62, తప్పు 30. ముప్పై తప్పులకు ఏడున్నర పోతే 54.5. ఖాళీగా వదిలినవి 28. ఇంతవరకు ఎవరైనా చూస్తారు. ఒక్కో తప్పునూ తీసి "ఇది ఎందుకు పోయింది?" అని అడిగిన తర్వాతే అసలు సంగతి తెలిసింది. ఆ ముప్పైలో వాడికి నిజంగా తెలియక పోయినవి తొమ్మిదే. ప్రశ్నో ప్యాసేజీనో తప్పుగా చదవడం వల్ల పోయినవి ఎనిమిది. రెండు ఆప్షన్ల దాకా వచ్చి, వాటిలో తప్పుదాన్ని పట్టుకున్నవి పదమూడు. ఖాళీలు 28లో ఇరవైటి దగ్గరికి వాడు చేరనే లేదు. మిగిలిన ఎనిమిదీ చదివాడు, రెండు ఆప్షన్లు కొట్టేశాడు కూడా, నెగెటివ్‌కి భయపడి వదిలేశాడు.

అంటే చదవలేదు కాబట్టి పోయినవి 120లో తొమ్మిది. రోజుకు పన్నెండు గంటలు ఆ తొమ్మిది కోసమా?

ఇప్పుడు ఒక్కో కుప్పకూ ధర కట్టి చూద్దాం. తప్పుగా పెట్టినది ఒప్పయితే లాభం ఒక మార్కు కాదు, ఒకటింపావు, ఎందుకంటే కోసిన పావు కూడా వెనక్కి వస్తుంది. కాబట్టి తప్పుగా చదివిన ఎనిమిదీ సరిచేసుకుంటే పది మార్కులు. చేరుకోలేని ఇరవైని అదే నైపుణ్యంతో పెట్టాడనుకుంటే సుమారు పదమూడు ఒప్పు, ఏడు తప్పు, అంటే పదకొండుంపావు. రెండిటి మధ్య తడబడ్డ పదమూడులో ఒక ఐదు ఇటువైపు తిరిగినా ఆరుంపావు. భయంతో వదిలిన ఎనిమిదిలో సగం ఒప్పయితే మూడు. మొత్తం కలిపితే 85. అదంతా కాగితం మీది లెక్కే. పరీక్ష హాల్లో అందులో ఎంత నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఈ లెక్కలో కొత్త పుస్తకం ఒక్కటీ లేదు, గమనించండి.

ఆ ఇరవై ప్రశ్నలు ఎక్కడికి పోయాయి

వాడిది ఇంటర్ ఎంపీసీ. హాల్లో కూర్చోగానే లెక్కల సెక్షన్‌తో మొదలుపెట్టాడట. "నాకు బాగా వచ్చేది అదే కదా మామా, ముందు అది లాగేద్దామని" అన్నాడు. పదో తరగతి స్థాయి శాతాలు, నిష్పత్తులు, ఒక పట్టిక చూసి వేసే లెక్కలు. పన్నెండు ప్రశ్నలకు పాతిక నిమిషాలు పెట్టాడు. ఒక్కదానికీ తప్పు రాకూడదని ప్రతి లెక్కా రెండుసార్లు వేశాడు. పేపర్‌లో పదో వంతుకు టైమ్‌లో ఐదో వంతు పైగా పోయింది. మన తెలుగు ఇళ్ళల్లో పిల్లలకి లెక్కల మీద ఉండే ప్రేమ ఇక్కడ ఇలా ఖరీదవుతుంది.

రెండోది ఓఎంఆర్. ఏడాదంతా వాడు మాక్ టెస్టులు ల్యాప్‌టాప్ మీద రాశాడు. కోచింగ్ సెంటర్ వాళ్ళ పోర్టల్ అలా ఉంది. క్లిక్ చేస్తే అయిపోతుంది. అసలు పరీక్ష పెన్నుతో, కాగితం మీద. ఒక్కో వృత్తం నింపడానికి నాలుగైదు సెకన్లు వేసుకున్నా 120కి దాదాపు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు వాడి ప్రణాళికలో ఎక్కడా లేవు. చివర్లో ఒక్కసారిగా నింపుదామని బుక్‌లెట్‌లో టిక్కులు పెట్టుకుంటూ పోయి, ఆఖరికి చేతులు వణుకుతూ నింపాడు. రెండో ఏడాది ప్రతి మాకూ ప్రింటు తీయించాం, ఖాళీ ఓఎంఆర్ షీట్లు కూడా. ఇంటి కింద జిరాక్స్ షాపు అన్నకు మేం నెలవారీ ఖాతాదారులమైపోయాం. ఒక ప్యాసేజీ అవగానే దాని వృత్తాలు నింపేయడం అలవాటు చేసుకున్నాడు.

మూడోది చదివే వేగం. లెక్కలు పక్కనపెడితే పేపర్‌లో దాదాపు ఇరవై ప్యాసేజీలు, ఒక్కోటి 450 పదాల దాకా. తొమ్మిది వేల పదాలు. నిమిషానికి 200 పదాలు చదివేవాడికి ప్యాసేజీలకే ముప్పావుగంట పోతుంది. ప్రశ్నలు, ఆప్షన్లు, ఆలోచన అంతా మిగిలిన గంటంపావులో తేలాలి. కరెంట్ అఫైర్స్ ప్యాసేజీలు చాలాసార్లు చదవకుండానే పెట్టేయొచ్చు, జవాబు మనకు తెలిసి ఉండాలి తప్ప ప్యాసేజీలో ఉండదు. ఈ చిన్న విషయం మొదటిసారి మావాడికి ఎవరూ చెప్పలేదు. అవి కూడా శ్రద్ధగా, అడుగడుగునా గీతలు గీస్తూ చదివాడు.

వేగం పెరగడానికి స్పీడ్ రీడింగ్ కిటుకులు ఏవీ పనిచేయలేదు. పనిచేసింది మెట్రో పర్పుల్ లైన్. కె.ఆర్.పురం స్టేషన్లో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగేవాడు. పార్కులో ఎర్రటి పాత భవనం ఉంటుంది చూడండి, శేషాద్రి అయ్యర్ పేరు మీద, అదే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. పగలంతా అక్కడే కూర్చునేవాడు. మెట్రోలో వాడి ఆట ఒకటుండేది. తలుపులు మూసుకోగానే పేపర్‌లో సంపాదకీయం మొదలుపెట్టి, తర్వాతి స్టేషన్లో తలుపులు తెరుచుకునేలోపు ముగించాలి. ముగించి పేపర్ మడిచి, రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. తెలుగులోనే చెప్పుకునేవాడు. నాకది బాగా నచ్చింది. ఇంగ్లీషులో చెప్పుకుంటే ప్యాసేజీలోని మాటలే అటూ ఇటూ తిప్పి అర్థమైందనుకుంటాం. తెలుగులో చెప్పాలంటే నిజంగా అర్థమై తీరాలి. మొదటి నెల రెండు స్టేషన్లు పట్టేది. దసరాకల్లా ఒకటి సరిపోయింది.

పాలవాడు, కన్నడ బోర్డు

రెండు ఆప్షన్ల మధ్య పోయిన పదమూడులో ఏడు లీగల్ రీజనింగ్‌లోవే. ఈ సెక్షన్ పేరు విని చట్టం తెలిసి ఉండాలనుకుంటారు. నిజానికి నియమం ప్యాసేజీలోనే ఇస్తారు. దాన్ని ఇచ్చిన ఘటనకు వర్తింపజేయడమే మన పని. ఇక్కడ రెండోసారి రాసేవాడికి మొదటిసారి రాసేవాడి కంటే ప్రమాదం ఎక్కువ. ఏడాదిగా నాలుగు చట్టాలు చదివి ఉంటాడు కాబట్టి ఆ తెలివి మధ్యలో దూరుతుంది.

వాడితో కూర్చుని నేనే ఒక ప్రశ్న అల్లాను. నియమం: తన ఆవరణలో ఉన్న ప్రమాదం గురించి గేటు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టిన యజమాని, ఆ ప్రమాదం వల్ల లోపలికి వచ్చినవారికి తగిలిన గాయానికి బాధ్యుడు కాడు. ఘటన: కె.ఆర్.పురంలో ఒక ఇంటి గేటుకు "నాయి ఇదె, ఎచ్చరికె" అని కన్నడంలో బోర్డుంది. రోజూ పాలు పోసే మనిషి చిత్తూరు వైపువాడు, తెలుగు తప్ప చదవలేడు. లోపలికి వెళ్ళాడు, కుక్క కరిచింది. యజమాని బాధ్యుడా, కాదా?

మావాడు తడుముకోకుండా "బాధ్యుడే" అన్నాడు. చదవలేని బోర్డు ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని వాదించాడు. న్యాయంగా చూస్తే వాడిది మంచి వాదనే, కోర్టులో నేను కూడా అదే వాదిస్తాను. కానీ నియమంలో "బోర్డు పెట్టిన యజమాని" అని ఉంది. చదవగలిగేలా పెట్టాలని ఎక్కడుంది? లేదు. కాబట్టి బాధ్యుడు కాడు. వాడు కాసేపు ఆలోచించి, "అయినా కన్నడ అక్షరాలు తెలుగువాడికి సగం తెలుస్తాయి కదా మామా, పాలాయన పోల్చుకుని ఉంటాడు" అన్నాడు. జవాబు ఇప్పుడు సరైన వైపే ఉంది, కారణం మాత్రం మళ్ళీ బయటిదే! అక్షరాల పోలిక కూడా ప్యాసేజీలో లేదు. తర్వాత అదే నియమంలో "వచ్చేవారికి అర్థమయ్యేలా" అని రెండు మాటలు చేర్చి ఇచ్చాను. జవాబు తిరగబడింది. ఆ సాయంత్రం వాడికి ఈ సెక్షన్ ఏమిటో అర్థమైంది. పుస్తకాల్లో చదివిన చట్టం వల్ల వచ్చిన జ్ఞానం కాదిది.

చట్టం బట్టీపట్టినవాళ్ళకు ఆ ఏడాది ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2024 జూలై 1న 1860 నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103, మోసం తాలూకు 420 ఇప్పుడు 318. మన సినిమాల్లో "ఫోర్ ట్వంటీ" అనే తిట్టు ఏమవుతుందో చూడాలి.

రెండిటి మధ్య పోయేవాటికి మందు నోటుబుక్కే. అయితే సరైన జవాబులు రాసుకునే నోటుబుక్కు కాదు, తప్పు జవాబు నాకెందుకు నచ్చింది అని రాసుకునేది. వాడి పుస్తకంలో అలాంటి వాక్యాలు: "‘మోస్ట్’ని ‘ఆల్’ అనుకున్నా." "ఇది రచయిత మాట కాదు, రచయిత ఖండించబోతున్నవాళ్ళ మాట." "నిజమే, కానీ ప్యాసేజీలో లేదు." "ప్రశ్నలో ‘నాట్’ చూడలేదు." మూడు నెలలయ్యేసరికి ఒక విషయం బయటపడింది. కొత్త కారణాలు రావడం ఆగిపోయింది. ఒక ఏడెనిమిది రకాలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మనిషి చేసే తప్పులు అనంతం అనుకుంటాం గానీ, ఒక్కో మనిషికి ఒక చిన్న జాబితా ఉంటుంది. అది చేతికొచ్చాక పరీక్షలో సగం పని ఆ జాబితాతో ఆప్షన్లను దగ్గరగా చూడటమే.

నెగెటివ్ అంటే ఎందుకంత భయం

"తెలియకపోతే ముట్టుకోవద్దు" అని ప్రతి కోచింగ్ క్లాసులోనూ చెబుతారు. లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లున్న పదహారు ప్రశ్నలకు కళ్ళు మూసుకుని పెడితే సగటున నాలుగు ఒప్పు, పన్నెండు తప్పు. నాలుగు మార్కులు వచ్చి మూడు పోతాయి. నికరంగా ఒకటి మిగులుతుంది. అంటే పావు మార్కు కోత గుడ్డి ఊహను కూడా నష్టంలో పడేయదు. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగితే ఒక్కో ప్రశ్నకు సగటు లాభం ఆరో వంతు మార్కు. రెండు కొట్టేస్తే 0.375. భయంతో వదిలేసిన ఎనిమిదీ ఈ చివరి రకానివే. అవి వదిలి మావాడు మూడు మార్కులు దానం చేశాడు.

ఇందులో మెలిక ఒకటుంది. గుడ్డిగా అంటే నిజంగా గుడ్డిగానే పెట్టాలి. "ఏదో ఇదే అనిపిస్తోంది" అని పెట్టేది గుడ్డి ఊహ కాదు, ఎందుకంటే అనిపించడానికే ఆ ఆప్షన్ రాసి ఉంటారు. తెలియని ప్రశ్నలో మరీ అందంగా కనబడే ఆప్షన్ మీద నాకు నమ్మకం తక్కువ. పైగా ఊహకు టైమ్ ఖర్చు కాకూడదు, ఐదు సెకన్లు దాటితే అది నష్టమే. మా అక్క వాళ్ళ వైపు లాసెట్ (రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష) రాసేవాళ్ళు ఈ లెక్క గందరగోళం చేసుకోవద్దు. అక్కడ 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, నెగెటివ్ లేదు. ఒక్కటీ ఖాళీ వదలకూడదు, అంతే.

పాతబడిపోయే చదువు

ఇంగ్లీషు, లాజిక్, లెక్కల్లో మొదటి ఏడాది సంపాదించింది రెండో ఏడాదికి చేతిలోనే ఉంటుంది. కరెంట్ అఫైర్స్ అలా కాదు. డిసెంబర్ పరీక్షలో అడిగేది ఎక్కువగా అంతకుముందు ఏడాది సంగతులే. పోయినేడు బట్టీపట్టిన అవార్డులు, సదస్సులు, నియామకాలు ఈసారి చాలావరకు చెల్లని నోట్లు. రెండోసారి రాసేవాడు ఈ ఒక్క సెక్షన్లో మాత్రం మొదటిసారి రాసేవాడితో సమానంగా సున్నా దగ్గర నిలబడతాడు. ఆ సంగతి తెలియక "జీకే మనకు ఆల్రెడీ అయిపోయింది" అని వేసవి దాకా ముట్టనివాళ్ళను చూశాను. అక్టోబర్‌లో మూట విప్పి పరిగెడతారు. ఇది నెలనెలా కట్టాల్సిన చీటీ, చివర్లో ఒకేసారి కడతానంటే కుదరదు. మావాడు రోజుకు ముప్పావుగంట పెట్టాడు, పేపర్ చదివిన టైమ్ కాకుండా.

మాక్ మార్కుల ఊగిసలాట

ఆగస్టులో వాడికి ఒక మాక్‌లో 71 వచ్చింది. ఇంట్లో పాయసం. తర్వాతి ఆదివారం 63. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్ చేసి, కింది బ్యాచ్‌కి మారుస్తాం అన్నారు. నాకు కోపమొచ్చింది. 92 ప్రశ్నలు పెట్టి, మూడింట రెండు ఒప్పు చేసే మనిషికి, నైపుణ్యంలో వెంట్రుకవాసి మార్పు లేకపోయినా, మార్కు ఐదారు అటూ ఇటూ ఊగడం మామూలే. ఇది ప్రాబబిలిటీ చదివిన ఎవరైనా అరగంటలో తేల్చగల లెక్క. పేపర్ కష్టం, ఆ రోజు నిద్ర, పక్కింట్లో గృహప్రవేశం మైకు అన్నీ దానికి అదనం. అందుకే ఒక మాక్‌ను చూసి సంబరపడొద్దు, కుంగిపోవద్దు. ఐదు మాక్‌ల సగటును ముందటి ఐదింటి సగటుతో పోల్చుకోవాలి. ఇంకా మంచి కొలత ఒకటి మా ఫ్రిజ్ మీద అంటించాం: ఈ వారం తప్పుగా చదవడం వల్ల ఎన్ని పోయాయి? ఆ సంఖ్య మార్కులా గంతులు వేయదు, మెల్లగా దిగుతుంది. ఆరు, ఏడు, ఐదు, ఐదు, నాలుగు.

మార్కు వేరు, ర్యాంకు వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. పేపర్ తేలికగా వస్తే అందరికీ మార్కులు పెరుగుతాయి, మన పది మార్కుల పెరుగుదల ర్యాంకులో కనబడకపోవచ్చు. ఆ ర్యాంకుతో సీటు వస్తుందా అన్నది మళ్ళీ మనం ఎక్కడివాళ్ళం అన్నదాని మీద ఉంటుంది. ఇక్కడ బెంగళూరు తెలుగువాళ్ళు తరచూ పొరబడతారు. నాగరభావి నేషనల్ లా స్కూల్లో కర్ణాటక విద్యార్థులకు 25 శాతం కోటా ఉంది. అందుకు చూసేది మాతృభాష కాదు, కర్ణాటకలో పదేళ్ళు చదివి ఉండటం. మా వీధిలో ఒకటో తరగతి నుంచీ సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది) దాకా ఇక్కడే చదివిన నెల్లూరువాళ్ళ అమ్మాయికి అది వర్తిస్తుంది. ఏడాది క్రితం మా ఇంటికొచ్చిన మావాడికి వర్తించదు. వాడికి పనికొచ్చేది విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆంధ్ర విద్యార్థులకు కేటాయించిన సీట్లు. ఏడాది ఆగాలా వద్దా అన్నది తేల్చుకునే ముందు, మన వర్గానికి, మన రాష్ట్రానికి కిందటేడు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూసుకోవాలి. మొత్తం ర్యాంకు చూసి ఏడ్చేవాళ్ళలో సగంమంది తమది కాని కటాఫ్ చూసి ఏడుస్తుంటారు.

ఏడాది ఆగడం అందరికీ సరైనదని నేననను. తప్పుల కుప్పల్లో "తెలియనివి" పెద్దగా ఉండి, ఇంగ్లీషు ప్యాసేజీ చదవడమే భారంగా ఉన్నవాడికి ఒక ఏడాది చాలకపోవచ్చు. అలాంటివాడు ఐదేళ్ళ కోర్సులో ఏదైనా మంచి కాలేజీలో చేరిపోయి చదువుకోవడం మేలు. లేదంటే మామూలు డిగ్రీ చేసి మూడేళ్ళ ఎల్ఎల్‌బీకి వెళ్ళొచ్చు, నేషనల్ లా స్కూల్ కూడా ఇప్పుడు ఆ కోర్సు నడుపుతోంది. "కుప్పల్లో ఏది పెద్దది?" అన్నది చూడకుండా ఆగు అనే సలహా, వద్దనే సలహా రెండూ గాలి మాటలే.

అమెరికా లా స్కూళ్ళ కోసం ఎల్‌శాట్ రాసేవాళ్ళు బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో అక్కడక్కడా తగులుతుంటారు. వాళ్ళకు లెక్క వేరు. అక్కడ స్కోరు 120 నుంచి 180 దాకా, తప్పుకు కోత లేదు, 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసేశారు. జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు. పాత స్కోర్లు కాలేజీలకు కనబడతాయి. అందువల్ల సరదాగా ఒకసారి రాసి చూద్దాం అన్నది అక్కడ పనికిరాదు. తప్పులను కుప్పలుగా పోసే పద్ధతి మాత్రం అక్కడా ఇంతే.

2024 డిసెంబర్ 1. మళ్ళీ ఆదివారం, మళ్ళీ రెండు గంటలకు. ఈసారి లెక్కలను మధ్యలో పెట్టుకుని, పన్నెండు నిమిషాలు కాగానే ఎక్కడున్నా వదిలేయాలని అనుకుని వెళ్ళాడు. వచ్చాక "ఎలా రాశావు?" అంటే బానే రాశానని చెప్పలేదు. "తెలీదు మామా, ఎనిమిది ఖాళీ వదిలా" అన్నాడు. కీ రాగానే అదే డైనింగ్ టేబుల్, అదే కార్బన్ కాపీ. పెట్టినవి 112. ఒప్పు 83, తప్పు 29. లెక్కేస్తే 75.75. తప్పుగా చదవడం వల్ల పోయినవి మూడు. మొదటి కీ ప్రకారం వేసిన లెక్క అది. ఆ ఏడాది కీ మీద కేసులు ఢిల్లీ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళి 2025 మే నెలలో గాని తేలలేదు. ఆ ఐదు నెలల టెన్షన్ ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

ఆ రాత్రి మాత్రం వాడు రెండు ప్లేట్ల అన్నం తిన్నాడు. నేను అక్కకు ఫోన్ చేసి 54.5 నుంచి 75.75 అయిందని చెప్పాను. తను అంకెలు మళ్ళీ చెప్పమంది. ఒప్పులెన్ని, తప్పులెన్ని అని ఒక్కోటీ అడిగి రాసుకుంది. పోయినేడు తప్పులు ముప్పై, ఈసారి ఇరవైతొమ్మిది. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏడాదంతా నీ ఇంట్లో కూర్చుని ఒక్క తప్పు తగ్గించాడా?" అంది.